ఎక్స్‌రేలో వెన్నుపూస కుంగింది, డెక్సా (ఎముక సాంద్రత పరీక్ష) స్కోరు మాత్రం -1.9: మందు మొదలుపెట్టాలా?

మాది విశాఖపట్నం. అమ్మకు 68 ఏళ్లు. గత నెల బియ్యం డబ్బా ఎత్తుతుంటే వెన్నులో కలుక్కుమంది, నొప్పి ఇంకా తగ్గలేదు. లేచేటప్పుడు ఎక్కువ, పడుకుంటే తక్కువ. కాళ్లలో తిమ్మిరి లేదు.

పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో టీ12 (ఛాతీ వెనక ఉండే పూసల్లో చివరిది) వెన్నుపూస ముందువైపు ఎత్తు దాదాపు 30 శాతం తగ్గింది. పూస పైభాగం లోపలికి నొక్కుకుపోయినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. డెక్సాలో నడుము టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి ఎముక సాంద్రతను చెప్పే అంకె) -1.9, తుంటి -2.2. ఆస్టియోపోరోసిస్‌కు (ఎముకలు గుల్లబారే జబ్బు) గీత -2.5 కాబట్టి కాల్షియం, విటమిన్ డి చాలని ఒక డాక్టరు అన్నారు. వెన్నుపూస విరిగాక స్కోరుతో పని లేదు, మందు వాడాల్సిందేనని ఇంకొకరు. వెన్నుపూసల అంచుల్లో పెరిగే ఎముక మొలకలు నడుము స్కోరును ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తాయని చదివాను. అమ్మ ఎక్స్‌రేలో అవి బాగానే ఉన్నాయి, నా భయమంతా అదే. నడుము బెల్టు, నొప్పి మాత్రలు, విశ్రాంతి అన్నీ అయ్యాయి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. మరో పూస విరగకముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి.

స్కోరు -2.5 దాకా దిగకపోయినా ఎక్స్‌రేలో వెన్నుపూస కుంగినవారికి మీ డాక్టర్లు వెంటనే మందు మొదలుపెట్టారా, లేక ముందు వేరే పరీక్ష ఏదైనా చేయించారా?