గని నీటిని నదిలోకి వదలనివ్వాలా, వద్దా?

వాగుగట్టు:

మేఘాలయలోని తూర్పు జయంతియా కొండల్లో లూఖా అనే నది ఉంది. చలికాలం రాగానే నీలంగా మారుతుంది. ఫొటోలో చూస్తే ముచ్చటేస్తుంది, కానీ ఆ రంగు వచ్చినప్పుడు అందులో చేపలు చచ్చి తేలుతాయి. పై కొండల్లోని బొగ్గు గనుల నుంచి కారే ఆమ్లజలమే ముఖ్య కారణమని ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. అవే కొండల నీరు కోపిలి నదిలోకి దిగి, అస్సాంలోని జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లను, గొట్టాలను తినేసింది. ఉక్కునే తినే నీరు చేప మొప్పను వదిలిపెడుతుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఏ గని నీటినీ నదిలోకి వదలనివ్వకూడదు, శుద్ధి చేశామని చెప్పినా సరే. ఆ నీరు గని సరిహద్దు లోపలే తిరగాలి. శుద్ధి చేసి వదులుతున్నామనే మాట ఎండాకాలంలో చెప్పే మాట. వానాకాలంలో కట్ట తెగిన రాత్రి ఆ మాట చెప్పినవారు ఎవరూ వాగు దగ్గరికి రారు.

బొగ్గుబావి:

వాగుగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు తెచ్చిన ఉదాహరణే మీ వాదనకు అడ్డు నిలుస్తోంది. జయంతియా కొండల్లో మనిషి పాక్కుంటూ వెళ్లి తవ్వే ఆ బొరియ గనులను పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లోనే నిషేధించింది. నదిలోకి నీరు వదలమని అక్కడ ఎవరూ అనుమతి ఇవ్వలేదు. అయినా ఆమ్లం కారుతూనే ఉంది. తవ్వి వదిలేసిన బొరియలు నీటితో నిండి పొంగుతుంటే ఏ ఉత్తర్వు ఆపుతుంది? 2019 జనవరిలో అదే ట్రిబ్యునల్ మేఘాలయ ప్రభుత్వానికి 100 కోట్ల రూపాయల జరిమానా వేయవలసి వచ్చింది.

నేను గోదావరి లోయ బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం పంపుల దగ్గరే గడిచింది. భూగర్భ నీటిమట్టం కంటే లోతుకు తవ్విన ప్రతిచోటా నీరు ఊరుతుంది. వానాకాలంలో ఓపెన్‌కాస్టు గని, అంటే నేలను పైనుంచే తెరిచి తవ్వే గని, అడుగున నీరు చేరే సంపు చెరువంత అవుతుంది. తోడకపోతే కింద ఉన్న మనుషుల ప్రాణాలకే ముప్పు. 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ దగ్గర గనిలోకి నీరు దూసుకొచ్చి 15 మంది చిక్కుకుపోయిన సంగతి అందరికీ తెలిసిందే. తోడిన నీటిలో కొంత దుమ్ము అణచడానికి రోడ్ల మీద చల్లుతాం. మిగిలింది ఎక్కడ పోయాలి? మా ప్రాంతంలో ఆ నీటితో నిండే చెరువులున్నాయి, వాటి కింద వరి ఉంది. మీరన్నట్టు చేస్తే ముందు ఎండేది ఆ ఆయకట్టే.

మరొక సంగతి. మా బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే ఉంటుంది. మేఘాలయ బొగ్గులో దానికి కొన్ని రెట్లు ఉంటుంది. రెండింటికీ గని నీరు అనే ఒకే పేరు పెట్టి ఒకే తీర్పు చెప్పడం న్యాయం కాదు.

సున్నపునీరు:

గంధకం మాట వచ్చింది కాబట్టి, రసాయన శాస్త్రం చెప్పుకుని బతికినవాడిగా కొంచెం వివరంగా రాస్తాను.

బొగ్గులోను, రాగి, సీసం ఖనిజాల్లోను పైరైట్ ఉంటుంది. చూడటానికి బంగారంలా మెరుస్తుంది, నిజానికి ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. నేల లోపల ఉన్నంతకాలం గాలి తగలదు కాబట్టి ఏ హానీ లేదు. పైకి తవ్వి పోశాక గాలి, నీరు తగిలి గంధకికామ్లం పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఈ చర్య మీదే బతుకుతాయి. అవి చేరితే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ మూడు దాకా దిగితే రాళ్లలోని అల్యూమినియం, మాంగనీసు కరిగి నీటిలోకి వచ్చేస్తాయి. ఆ అల్యూమినియం చేప మొప్పల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి. అలాంటి నీరు చాలాసార్లు తేటగా ఉంటుంది. అడుగున రాళ్లు కనిపిస్తాయి. దిగువన మంచినీటితో కలిసి ఆమ్లం తగ్గాకే ఇనుము తుప్పు రంగులో పేరుకుని రాళ్లకు అంటుకుంటుంది. మన కంటికి మురికిగా కనిపించేది ఆ చోటే, చేపలు పోయింది మాత్రం అంతకు ఎంతో ఎగువన.

ఇక నిబంధనల సంగతి. మన దేశంలో బొగ్గు గని వదిలే నీటి పీహెచ్ 5.5 నుంచి 9.0 మధ్య ఉండాలి, కలిసి ఉన్న మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. తాగునీటికి పీహెచ్ 6.5 నుంచి 8.5. ఆరున్నరకు, అయిదున్నరకు ఒకటే కదా తేడా అనుకోవద్దు, ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. పైగా ఆ లెక్క లీటరుకు మాత్రమే. రోజుకు ఎన్ని లీటర్లు వదిలారు, ఆ రోజు నదిలో నీరు ఎంత ఉంది అన్నది లీటరు లెక్కలో కనిపించదు. వైశాఖంలో పాయగా మిగిలిన వాగులోకి, భాద్రపదంలో నిండుగా పారే వాగులోకి ఒకే నీటిని ఒకేలా వదలడం ఏ శాస్త్రం ప్రకారమూ సరికాదు. సున్నం కలిపితే ఆమ్లం పోతుంది, లోహాలు చాలావరకు అడుగుకు దిగుతాయి. గంధకికామ్లం నుంచి వచ్చిన సల్ఫేటు మాత్రం చాలా వరకు నీటిలోనే ఉండిపోతుంది. తాగునీటిలో అది లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడే 400 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి శుద్ధి చేశామని ఎవరైనా అంటే, దేన్ని తీసేశారు, దేన్ని వదిలేశారు అని అడగాలి.

శంఖిని ఒడ్డు:

మీరంతా ఆమ్లం గురించి మాట్లాడుతున్నారు. మా నదిలో ఆమ్లం లేదు, అయినా నది చెడింది.

ఉద్యోగరీత్యా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌లో పదకొండేళ్లు ఉన్నాను. బైలదిల్లా కొండల్లో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. జపానుకు పంపడం కోసమే కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు మార్గం వేశారు. అరకు వెళ్లేవాళ్లు ఎక్కేది ఆ మార్గంలోనే. ఆ కొండల నుంచి దిగే శంఖిని, దంతెవాడ దంతేశ్వరి గుడి దగ్గర డంకినితో కలుస్తుంది. అక్కడి నుంచి ఇంద్రావతి, ఆ తర్వాత గోదావరి. అంటే భద్రాచలం రేవుకు ఎగువన వచ్చి కలిసే నీరు. ఇది ఛత్తీస్‌గఢ్ గొడవ, మనది కాదు అనుకోవడానికి వీల్లేదు.

శంఖిని నీరు ఎర్రగా ఉంటుంది. ఖనిజం కడిగిన నీటిలోని మెత్తని పొడి అది. పిండి కంటే మెత్తన, తొందరగా అడుగుకు దిగదు. దిగితే ఇసుక రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లను కప్పేస్తుంది. మడిలోకి ఎక్కితే ఎండిన తర్వాత పెంకులా గట్టిపడుతుంది. విత్తనం ఆ పెంకును చీల్చుకుని రాలేదు. ఒక ఊళ్లో ఆడవాళ్లు నది పక్కన ఇసుకలో చెలమ తవ్వుకుని, అడుగున ఊరిన నీటిని సొరకాయ బుర్రతో తోడి బిందెలు నింపుకోవడం చూశాను. పక్కనే నది పారుతోంది. ఒక ముసలమ్మ తన చిన్నతనంలో ఈ నీళ్లే తాగేవాళ్లమని చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. నాకు మాత్రం ఈరోజుకీ అది గుర్తొస్తే కోపం వస్తుంది.

బొగ్గుబావి:

శంఖిని ఒడ్డు గారి మాట చదివాక ఒక విషయం దాచుకోలేకపోతున్నాను. నేను పనిచేసిన ఒక గనిలో మట్టి దిగడానికి కట్టిన చెరువు రెండేళ్లలో సగం పూడింది. పూడిక తీయడానికి డబ్బు మంజూరు కాలేదు. ఒక శ్రావణ మాసం రాత్రి సంపు పొంగుతుంటే నీటిని నేరుగా వాగులోకి తిప్పాం. తిప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. తెల్లారేసరికి కింద ఊరి రైతు వచ్చి ఏమీ అనకుండా గట్టు మీద నిలబడ్డాడు. యంత్రం లేక జరిగిన తప్పు కాదు అది, పట్టింపు లేక జరిగింది.

అయినా సరే, పూర్తి నిషేధానికి నేను ఒప్పుకోను. చెరువు సరిగ్గా ఉన్న రోజుల్లో అదే నీరు అదే రైతుకు రెండో పంట ఇచ్చింది.

రూర్ లోయ:

ఉద్యోగం కోసం వచ్చి జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడ రూర్ ప్రాంతంలో చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. పంపులు మాత్రం ఆగలేదు, ఎప్పటికీ ఆగవు. తవ్వకాల వల్ల నేల కుంగింది కాబట్టి, పంపులు ఆపితే జనం ఉన్న పేటల్లోకి నీరు చేరుతుంది. ఈ ఖర్చు భరించడానికి 2007లోనే ఒక ప్రత్యేక నిధి సంస్థను ఏర్పాటు చేశారు. ఈ పనులను ఇక్కడ శాశ్వత బాధ్యతలు అంటారు. ఏటా 20 కోట్ల యూరోలకు పైనే ఖర్చు. తోడిన నీటిని రైన్ నదిలోకి, దాని ఉపనదుల్లోకే వదులుతారు. గనుల్లో వాడిన పాత యంత్రాల నూనె నుంచి వచ్చిన విషపదార్థాలు ఆ నీటిలో ఉన్నాయని ఇక్కడా గొడవ జరుగుతూనే ఉంది. ధనిక దేశం కూడా వదలక తప్పలేదు. కానీ మూతపడిన తర్వాత ఎవరు తోడాలి, ఎవరి డబ్బుతో అన్నది గని ఆగకముందే తేల్చుకుంది.

వాగుగట్టు:

బొగ్గుబావి గారూ, మీరు చెప్పుకున్నది చిన్న విషయం కాదు. మీ మాట మీద గౌరవంతోనే నా మాట కొంత మార్చుకుంటున్నాను. గంధకం తక్కువ ఉన్న చోట, నది ప్రవాహాన్ని బట్టి రోజువారీ పరిమితి పెడితే, వదలడానికి ఒప్పుకుంటాను. గంధకం ఎక్కువ ఉన్న బొగ్గుకు మాత్రం అసలు అనుమతే ఉండకూడదు. అక్కడ తవ్వడం మొదలైతే నీటిని ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదని లూఖానే చెబుతోంది.

కానీ పట్టింపు ఎక్కడి నుంచి వస్తుంది? 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం విషపదార్థాలు నీటిలోకి వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. 2024 సవరణ ఆ జైలును తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. ఒప్పుకుంటూ శాసనసభ తీర్మానం చేసిన రాష్ట్రాల్లో అది అమలవుతుంది. పూడిక తీయించడానికి అయ్యే ఖర్చు కంటే జరిమానా తక్కువైతే, ఆ శ్రావణ మాసం రాత్రి మళ్లీ మళ్లీ వస్తుంది.

శంఖిని ఒడ్డు:

బొగ్గుబావి గారిని ఒకటి అడగాలి. మా దగ్గర అధికారులు వచ్చినప్పుడల్లా చెరువు ఉందని చూపిస్తారు. చెరువు ఉన్న మాట నిజమే. ఊరివాళ్లు ఇంకేమి అడగాలి?

బొగ్గుబావి:

చెరువు లోతు అడగమనండి. కట్టినప్పుడు ఎంత, ఈరోజు ఎంత. ఒక కర్రకు రాయి కట్టి దింపితే ఎవరైనా కొలవవచ్చు. తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పూడిక తీయాలి. తీసిన పూడికను ఎక్కడ పోశారో తప్పకుండా చూడమనండి. గట్టు మీదే పోసి ఉంటే మొదటి వానకే అది మళ్లీ నదిలో ఉంటుంది.