మోష్ 1.4ను డాకర్‌లో కంపైల్ చేశాను, బయట ఉబుంటు 20.04లో మాత్రం నడవట్లేదు

విజయనగర్_ప్రొద్దుటూరు:

అందరికీ నమస్తే. మూడు రాత్రుల నుంచి ఇక్కడే ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మాది ప్రొద్దుటూరు. బెంగళూరు విజయనగర్‌లో పిన్నివాళ్లింట్లో ఉంటూ హూడి దగ్గరున్న ఆఫీసుకి పర్పుల్ లైన్‌లో వెళ్తాను. పాత తెలుగు పత్రికల స్కాన్లలో అక్షరాలు గుర్తుపట్టించే పని మాది. జాబ్ రాత్రంతా సర్వర్‌లో, టీమక్స్‌లో (మనం బయటికొచ్చినా సెషన్‌ని ఆగనివ్వని ప్రోగ్రామ్) నడుస్తుంది. పొద్దున రైల్లో సీటు దొరగ్గానే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటాను. మాగడి రోడ్డు దాటి రైలు సొరంగంలోకి దిగిందంటే నా ఫోన్‌కి సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఎంజీ రోడ్డు దగ్గర పైకి వచ్చేసరికి సర్వర్‌కి కలిపే ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని చంపి మళ్లీ లాగిన్ అవ్వాలి. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ బదులు మోష్ మొదలుపెట్టాను. అది యూడీపీ మీద నడుస్తుంది, మధ్యలో నెట్ పోయినా, ఐపీ మారినా సెషన్ పోదు.

చిక్కు రంగుల దగ్గర వచ్చింది. మా స్క్రిప్టు ప్రతి అక్షరాన్నీ ఎంత నమ్మకంగా గుర్తుపట్టిందో దాన్ని బట్టి పచ్చ నుంచి ఎరుపు దాకా ఛాయల్లో చూపిస్తుంది. థ అని చదివింది నిజానికి ధ ఏమో, వ అన్నది ప ఏమో అనిపించిన చోట నారింజ పడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈ ఛాయలు చక్కగా కనిపిస్తాయి. మోష్‌లో ఆరేడు ఛాయలు కలిసిపోయి ఒకే రంగవుతాయి, ఇక ఏ అక్షరం అనుమానమో తెలియదు. ఉబుంటు 20.04లో దొరికేది మోష్ 1.3.2, అందులో 24 బిట్ రంగులు లేవు. 2022లో వచ్చిన 1.4.0లో ఉన్నాయి. సర్వర్ డెబియన్ 12, దాంట్లో 1.4.0 ఉంది. ల్యాప్‌టాప్ ఆఫీసుది: ఓఎస్ మార్చడానికి లేదు, సుడో (అడ్మిన్ హక్కు) లేదు, డాకర్ (కంటైనర్ అనే విడి గదిలో వేరే లినక్స్‌ని నడిపేది) మాత్రం ఇచ్చారు.

అందుకని సర్వర్‌తో సరిపోతుందని డెబియన్ 12 ఇమేజ్ తీసుకుని సోర్స్ కంపైల్ చేశాను. ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయాయి. మోష్-క్లయింట్ ఫైలు బయటికి తెచ్చి ఎల్‌డీడీతో (ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపే కమాండ్) చూస్తే లిబ్‌ప్రోటోబఫ్ 32 లేదు, జీలిబ్‌సీ (సీ భాష మూల లైబ్రరీ) 2.34 లేదు అంటోంది. ఇమేజ్ చిన్నదని ఆల్పైన్‌లో కూడా చేసి చూశాను. అది ఇంకా విచిత్రం. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్ల ముందే ఉంది, నడిపితే అలాంటి ఫైలే లేదంటోంది. పైగా బిల్డ్ ఫోల్డర్ మొత్తం రూట్ పేరు మీదకి వెళ్లిపోయింది, చెరపడానికి కూడా రావట్లేదు.

కంటైనర్ లోపలే నడుపుకోవడం తప్ప దారి లేదా?


వేళచ్చేరి_లినక్స్:

మీ కంపైల్‌లో తప్పేం లేదమ్మా, ఇమేజ్ ఎంచుకోవడంలో ఉంది. క్లయింట్ నడిచేది సర్వర్‌లో కాదు కదా, మీ ల్యాప్‌టాప్‌లో. కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఏ ఓఎస్ ఉందో ఆ ఇమేజే తీసుకోవాలి, అంటే ఉబుంటు 20.04.

కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, మీ ల్యాప్‌టాప్ కెర్నల్‌నే వాడుకుంటుంది. లోపల వేరుగా ఉండేవి లైబ్రరీలు. డెబియన్ 12లో జీలిబ్‌సీ 2.36, మీ దగ్గర 2.31. పాత జీలిబ్‌సీ మీద చేసిన బైనరీ కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడవాలని లేదు. మరి 2.36 అడక్కుండా 2.34 ఎందుకు అడిగిందంటే, 2021లో వచ్చిన 2.34లో లిబ్‌పీథ్రెడ్‌ని లిబ్‌సీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కి అప్పుడే కొత్త వెర్షన్ గుర్తు వేశారు. దాంతో 2.34 తర్వాతి సిస్టమ్‌లో లింక్ చేసిన ప్రతి ప్రోగ్రామూ, రెండు లైన్లదైనా సరే, ఆ గుర్తు అడుగుతుంది. ఏ బైనరీ ఏ గుర్తులు అడుగుతోందో ఆబ్జ్‌డంప్‌కి పెద్ద టీ ఆప్షన్ ఇస్తే కనిపిస్తుంది. ఒకసారి చూడండి, బాగా అర్థమవుతుంది.

ప్రోటోబఫ్ గురించి దిగులు వద్దు. 20.04లో ఉండేది లిబ్‌ప్రోటోబఫ్ 17. మీరు ఇప్పటికే మోష్ 1.3.2 వాడుతున్నారు కాబట్టి దాని వెంట అదీ వచ్చి ఉంటుంది. 20.04 ఇమేజ్‌లో కంపైల్ చేస్తే ఆ 17నే అడుగుతుంది.

ఇమేజ్‌లోకి జీ ప్లస్ ప్లస్, మేక్, ఆటోకాన్ఫ్, ఆటోమేక్, పీకేజీ-కాన్ఫిగ్, ప్రోటోబఫ్ కంపైలర్, ఇక ప్రోటోబఫ్, ఎన్‌కర్సెస్, జెడ్‌లిబ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవ్ ప్యాకేజీలు చాలు. కాన్ఫిగర్‌కి డిసేబుల్-సర్వర్ ఇవ్వండి, మీకు సర్వర్ బైనరీతో పని లేదు. ఇన్‌స్టాల్ కూడా చేయక్కర్లేదు. మోష్ అనే కమాండ్ ఒక పెర్ల్ స్క్రిప్టు. అది ఎస్‌ఎస్‌హెచ్‌తో అవతల మోష్-సర్వర్‌ని లేపి, పోర్టూ ఎన్‌క్రిప్షన్ కీ తెచ్చి మోష్-క్లయింట్ చేతిలో పెడుతుంది. ఉన్న స్క్రిప్టునే వాడుతూ, క్లయింట్ ఆప్షన్‌లో మీ కొత్త ఫైలు ఉన్న చోటు చెప్పండి. సుడో అవసరమే రాదు.


కోరమంగళ_కర్నూలు:

అన్న చెప్పింది సరైంది. మిగిలిన రెండు నేను చెప్తాను.

ఆల్పైన్‌లో ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ కాదు, మసల్. ప్రతి డైనమిక్ బైనరీ తన లోడర్ (లైబ్రరీలు తెచ్చి కలిపి ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేది) ఎక్కడుందో లోపల రాసుకుని ఉంటుంది. మీ బైనరీ మసల్ లోడర్ కోసం చూసింది, ఉబుంటులో అది లేదు. షెల్ లేదన్నది ఆ లోడర్‌ని, మీ ఫైలుని కాదు. మెసేజ్‌లో లోడర్ పేరు చెప్పదు కాబట్టి అందరం మొదటిసారి మన ఫైలు కోసమే వెతుక్కుంటాం. నాకైతే దీనికి ఒక ఆదివారం పోయింది.

ఫోల్డర్ రూట్‌ది కావడానికి కారణం, కంటైనర్ లోపల మీరు రూట్‌గా ఉండి మేక్ కొట్టడం. ప్యాకేజీలు వేయడం వరకు డాకర్‌ఫైల్‌లో పెట్టి ఇమేజ్ చేసుకోండి, అక్కడ రూట్ కావాలి. తర్వాత కంపైల్ చేసేటప్పుడు యూజర్ ఆప్షన్‌లో మీ యూఐడీ, జీఐడీ ఇచ్చి రన్ చేయండి, ఫైళ్లు మీ పేరు మీదే వస్తాయి. ఇప్పుడున్న ఫోల్డర్‌ని మళ్లీ కంటైనర్‌కి మౌంట్ చేసి, లోపల రూట్‌గా చౌన్ (ఫైళ్ల ఓనర్‌ని మార్చే కమాండ్) కొడితే మీ చేతికొస్తుంది.

ఇదే సుడో లేనివాళ్లు డాకర్‌తో ఏం చేయగలరో చూపిస్తోంది. డాకర్ గ్రూపులో ఉన్నవాళ్లకి మెషీన్ మీద రూట్ ఉన్నట్టే లెక్క. ల్యాప్‌టాప్ ఆఫీసుది, ముక్కూ ముఖం తెలియని ఇమేజ్‌లు మాత్రం నడపకండి.


విజయనగర్_ప్రొద్దుటూరు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి 20.04 ఇమేజ్‌లో చేశాను. ఎల్‌డీడీలో ఒక్క లోటు లేదు, ఫోల్డర్ చౌన్‌తో చెరిగింది, పొద్దున రైల్లో కనెక్ట్ కూడా అయ్యాను. కానీ రంగులు అలాగే ఉన్నాయన్నా! వెర్షన్ అడిగితే క్లయింట్ 1.4.0 అనే చెప్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో అదే టీమక్స్, అదే స్క్రిప్టు, రంగులన్నీ బాగున్నాయి. నిజంగా ఏడుపొచ్చింది.


వేళచ్చేరి_లినక్స్:

అదే టీమక్స్ అన్నారు, అక్కడే ఉంది. మీ టెర్మినల్ ఏది? టీమక్స్ కాన్ఫిగ్‌లో ఆర్‌జీబీ గురించి ఏం రాసి ఉంది? టీమక్స్‌కి బయటి టెర్మినల్ 24 బిట్ రంగులు చూపగలదని చెప్పాలి, లేకపోతే అది 256 రంగులకి కుదించేస్తుంది.


విజయనగర్_ప్రొద్దుటూరు:

కిటీ వాడతాను, తెలుగు ఒత్తులు, గుణింతాలు దాంట్లో బాగా కలుస్తాయని. కాన్ఫిగ్‌లో కిటీ పేరు మీద ఆర్‌జీబీ లైను ఉంది, మా సీనియర్ ఇచ్చింది.


వేళచ్చేరి_లినక్స్:

దొరికింది. ఎస్‌ఎస్‌హెచ్ మీ టెర్మినల్ పేరుని ఉన్నదున్నట్టు అవతలికి పంపుతుంది, అందుకే కిటీ లైను పనిచేసింది. మోష్ అలా కాదు, అవతల తానే ఒక టెర్మినల్‌గా నిలబడి, పేరు ఎక్స్‌టర్మ్-256కలర్ అని పెట్టుకుంటుంది. ఆ పేరు మీద మీ కాన్ఫిగ్‌లో లైను లేదు. ఆర్‌జీబీ లైనుని ఎక్స్‌టర్మ్-256కలర్ పేరుతో ఇంకొకటి రాయండి, సోర్స్-ఫైల్ కమాండ్‌తో టీమక్స్ చేత కాన్ఫిగ్ మళ్లీ చదివించి, డిటాచ్ చేసి మళ్లీ అటాచ్ అవ్వండి. 1.3.2కి ఈ లైను ఉన్నా లాభం ఉండేది కాదు, కంపైల్ చేసిన కష్టం ఎక్కడికీ పోలేదు.


విజయనగర్_ప్రొద్దుటూరు:

వచ్చాయి అన్నా, అన్ని ఛాయలూ వచ్చాయి!

ఈరోజు కావాలనే ల్యాప్‌టాప్ మూయకుండా చూస్తూ కూర్చున్నాను. సొరంగంలోకి దిగాక స్క్రీన్ పైన నీలం పట్టీ వచ్చింది, సర్వర్ మాట విని ఇన్ని సెకన్లయిందని లెక్కపెడుతోంది. అప్పుడే తర్వాతి పేజీకి కమాండ్ టైప్ చేశాను. అక్షరాలు కింద గీతతో పడ్డాయి, అంటే ఇంకా అవతలికి చేరలేదు. మెజెస్టిక్‌లో జనం ఎక్కారు, దిగారు, పట్టీ అలాగే ఉంది. ఎంజీ రోడ్డులో వెలుతురు పడ్డాక గీతలు చెరిగిపోయాయి, పట్టీ పోయింది, పేజీ తెరుచుకుంది. మూడో లైనులో "కథ" అన్న మాటలో థ ఒక్కటే నారింజలో ఉంది. స్కాన్ తీసి చూశాను, చుక్క సగం చెరిగిపోయి ఉంది.

డాకర్‌ఫైల్ శుభ్రం చేసి సాయంత్రం ఇక్కడే పెడతాను. మా సీనియర్ ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04, లిబ్‌ప్రోటోబఫ్ 23. దానికి విడిగా 22.04 ఇమేజ్‌లో చేస్తున్నాను.