పాత ఈఆర్‌పీని కదపకుండా గోడౌన్ పికింగ్‌ని స్కానర్ల మీదికి తెచ్చినవాళ్లు ఉన్నారా?

గోడౌన్‌మనిషి:

మా దగ్గర ఏఎస్ 400 అనే ఐబీఎం కంప్యూటర్ మీద నడిచే పాత ఈఆర్‌పీ, అంటే కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆర్డర్లు, బిల్లులు, స్టాక్, ఖాతాలు అన్నీ దాంట్లోనే, నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలతో. రాసినవాళ్లలో ఒక పెద్దాయనే మిగిలారు, ఆయన కూడా వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. నేను చేరాక అది ఒక్కసారి కూడా మొరాయించలేదు కాబట్టి తిట్టడానికీ మనసు రాదు.

తలనొప్పంతా గోడౌన్‌లోనే. రాత్రి బ్యాచ్ (పోగైన పనులన్నీ సిస్టం ఒకేసారి చేసుకోవడం) అయ్యాక పొద్దున్నే పిక్ లిస్టులు, అంటే ఏ ఆర్డర్‌కి ఏ సరుకు ఏరాలో చెప్పే కాగితాలు ప్రింట్ అవుతాయి, అవేమో ఐటమ్ కోడ్ వరుసలో ఉంటాయి గానీ ర్యాక్‌ల వరుసలో ఉండవు, దాంతో కుర్రాళ్లు రోజంతా ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూనే ఉంటారు. సరుకు దొరక్కపోతే కాగితం మీద పెన్నుతో సున్నా చుడతారు, ఆ సున్నాలన్నీ సాయంత్రం ఒకమ్మాయి కూర్చుని సిస్టంలో ఎక్కిస్తుంది, ఈలోగా సేల్స్ వాళ్లు లేని సరుకుని ఇంకో నలుగురికి అమ్మేసి ఉంటారు. ఇదివరకు పెద్ద ఆర్డర్లు కొన్నే వచ్చేవి కాబట్టి ఎలాగో నడిచింది. ఇప్పుడు ఆన్‌లైన్ ఆర్డర్లు కుప్పలుగా వస్తున్నాయి, ఒక్కోదాంట్లో ఒకటో రెండో వస్తువులు.

పైవాళ్ల ముందు రెండు దారులున్నాయి. ఈఆర్‌పీ మొత్తం మార్చేయడం, లేదా గోడౌన్ వరకు ఒక డబ్ల్యూఎంఎస్ (గోడౌన్ పనిని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి పాతదానితో కలపడం. నా ఓటు రెండోదానికే, కానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. చేసినవాళ్లు మీకు ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పండి, బ్రోషర్లో మాటలు చాలా విన్నాను.

పాతకోడ్:

ఇలాంటివి మూడు కలిపాను, ఒకటి బాగా చెడగొట్టాను కూడా. అదే చెబుతా.

టూల్ ఎంచుకోకముందే తేల్చుకోవాల్సింది, ఏ లెక్కకి ఎవరు యజమాని అన్నది. మేము ఈ సంగతి తేల్చుకోకుండా రెండు సిస్టంలూ స్టాక్ సంఖ్యని మార్చేలా కట్టాం, రెండు నెలలకి ఏది నిజమో ఎవరికీ తెలియలేదు. తర్వాత ఇలా విడదీశాం: కంపెనీ దగ్గర మొత్తం ఎంత ఉంది, దాని విలువ ఎంత, కస్టమర్‌కి ఎంత మాటిచ్చాం అన్నవి ఈఆర్‌పీవి. ఆ మొత్తం ఏ ర్యాక్‌లో ఏ బిన్‌లో (అరలోని గడిలో) ఎంతెంత ఉందన్నది డబ్ల్యూఎంఎస్‌ది. బిన్ నుంచి బిన్‌కి మార్చిన సంగతి పాతదానికి చెప్పనే చెప్పం. సరుకు లోపలికి వచ్చినప్పుడు, బయటికి వెళ్లినప్పుడు, దొరకలేదని తేలినప్పుడు, కౌంటింగ్‌లో తేడా వచ్చినప్పుడు, ఈ నాలుగే పంపుతాం. అంతే, సగం గొడవ పోయింది.

ఇక నేను చెడగొట్టింది. నెట్‌వర్క్ ఒక్క నిమిషం పోయింది, జవాబు రాలేదని మా ప్రోగ్రాం అవే డిస్పాచ్ మెసేజ్‌లు మళ్లీ పంపింది, కానీ మొదటిసారి పంపినవి అవతల చేరిపోయే ఉన్నాయి. స్టాక్ రెండుసార్లు తగ్గింది, బిల్లులు రెండేసి పడ్డాయి. అప్పట్నుంచి ప్రతి మెసేజ్‌కీ ఒక నంబర్ ఇస్తాం, పాత సిస్టం పక్కన ఒక చిన్న టేబుల్‌లో 'ఈ నంబర్ చూసేశాం' అని రాసుకుంటాం, రెండోసారి వస్తే పక్కన పడేస్తుంది. ఇది మొదటి రోజు నుంచే పెట్టండి.

ఇంకోటి, పాత టేబుల్స్‌లోకి నేరుగా రాయకండి. చదవడానికి ఇబ్బంది లేదు, డీబీ2లో (ఏఎస్ 400లో ఉండే డేటాబేస్) జర్నలింగ్, అంటే ప్రతి మార్పునీ రాసిపెట్టుకోవడం, ఆన్‌లో ఉంటే ఏ రికార్డ్ మారిందో అందులోంచి తీసుకోవచ్చు. రాయాలంటే మాత్రం ఆర్‌పీజీలో (ఏఎస్ 400 మీద వాడే ప్రోగ్రామింగ్ భాష) ఇప్పటికే ఉన్న ప్రోగ్రాంనే పిలవండి. క్రెడిట్ లిమిట్ చూడటం, పన్ను వేయడం లాంటివన్నీ టేబుల్‌లో ఉండవు, ఆ ప్రోగ్రాంలోనే ఎక్కడో ఉంటాయి, మీ పెద్దాయనకి తప్ప ఎవరికీ గుర్తుండవు.

ఐబీఎం 1988లో తెచ్చిన ఏఎస్ 400 ఇప్పటికీ ఐబీఎం ఐ అన్న పేరుతో పవర్ సర్వర్ల మీద నడుస్తోంది కాబట్టి 'పాతబడింది, రేపో మాపో చచ్చిపోతుంది' అని భయపెట్టే సేల్స్‌మెన్‌ని పట్టించుకోకండి.

నడకలెక్క:

నేను ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని, మెసేజ్‌లూ జర్నల్‌లూ నాకు తెలియవు. పాతకోడ్ గారు చెప్పింది బాగుంది గానీ అదంతా తర్వాత. మీ ర్యాక్‌లకి అడ్రస్‌లు ఉన్నాయా? వరుస, ర్యాక్, అర, బిన్, ఇవి రాసి బార్‌కోడ్ అంటించి ఉందా? లేకపోతే ఎంత గొప్ప డబ్ల్యూఎంఎస్ తెచ్చినా అది కుర్రాణ్ణి ఎక్కడికి పంపుతుంది?

మా దగ్గర స్కానర్లు ముందు కొని లేబుళ్లు తర్వాత అంటించారు. స్కానర్లు చాలాకాలం డబ్బాల్లోనే ఉన్నాయి. ఇంకో తమాషా, ఐటమ్ కోడ్‌లన్నీ ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి, ఆ ఫైల్‌తోనే లేబుళ్లు ప్రింట్ అయ్యాయి. మళ్లీ మొదటి నుంచి.

కొలతల సంగతీ చూసుకోండి. పాత సిస్టంలో '1' అంటే పెట్టె, పికర్‌కి '1' అంటే ఒక పీస్. పెద్ద ఆర్డర్ల కాలంలో ఇది ఎవరికీ పట్టలేదు. ఆన్‌లైన్ ఆర్డర్‌కి ఒక్క పీస్ అడిగితే 24 ఉన్న పెట్టె ప్యాక్ అయి వెళ్లిపోతుంది.

చిన్న ఆర్డర్లకి ఒక్కోదానికీ విడిగా తిరగడం దండగ. ఒక బండి మీద ఏడెనిమిది ట్రేలు పెట్టి, ట్రేకొక ఆర్డర్ చొప్పున ఒకే నడకలో ఏరుకు రావాలి. ఎక్కువ కదిలే సరుకుని ప్యాకింగ్ టేబుల్ దగ్గరికి మార్చండి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

గోడౌన్‌మనిషి:

ఇద్దరికీ థాంక్స్. అడ్రస్‌లు సగం ర్యాక్‌లకి ఉన్నాయి, అవీ చాక్‌పీస్‌తో రాసినవి, సిగ్గుపడుతూ చెబుతున్నా. పాతకోడ్ గారూ, ఒక డౌట్. రాత్రి బ్యాచ్ నడిచేటప్పుడు మా సిస్టం గంటన్నర, రెండు గంటలు ఎవర్నీ రానివ్వదు. రాత్రి షిఫ్ట్ పెట్టాలనుకుంటున్నాం, అప్పుడు స్కానర్లు ఆగిపోతాయా?

పాతకోడ్:

ఆగకూడదు, ఆగాయంటే కట్టింది తప్పు. ఆర్డర్లు ముందే డబ్ల్యూఎంఎస్‌లోకి కాపీ అయి ఉంటాయి, పికర్ దానితోనే మాట్లాడతాడు. పాత సిస్టంకి పోవాల్సిన మెసేజ్‌లు మధ్యలో ఒక క్యూలో ఆగుతాయి, బ్యాచ్ అయ్యాక వచ్చిన వరుసలోనే లోపలికి వెళ్తాయి. ఆ రెండు గంటల్లో రద్దయిన ఆర్డర్‌ని ప్యాక్ చేసేసే ప్రమాదం ఉంది కాబట్టి లేబుల్ ప్రింట్ అయ్యే ముందు ఒకసారి రద్దు జాబితా చూసుకోవాలి, మీ ఆన్‌లైన్ ఆర్డర్ల రద్దులు ముందు వెబ్‌సైట్‌కే వస్తాయి గనక అక్కణ్ణుంచే తీసుకోండి. క్యూలో మెసేజ్‌లు పేరుకుపోతుంటే ఎవరికైనా ఫోన్ మోగాలి. రోజుకొకసారి రెండువైపులా స్టాక్ పోల్చి తేడాల రిపోర్ట్ కూడా తీయండి, మొదటి వారం అది చూస్తే ఏడుపొస్తుంది, అయినా ఆపకండి.

ఎదురుమాట:

నాది వేరే అభిప్రాయం. రెండు సిస్టంలనీ కలపడానికి మధ్యలో కట్టే ఆ పొర కొన్నేళ్లకి ఇంకో పాత సిస్టం అవుతుంది, దాన్ని రాసిన కుర్రాడూ వెళ్లిపోతాడు. మా దగ్గర అదే అయింది, ఇప్పుడు ఈఆర్‌పీని ముట్టుకోవడానికి భయం లేదు, ఆ మధ్య పొరని ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఈఆర్‌పీ మార్చమని అనడం లేదు. మధ్యలో లాజిక్ పెట్టకండి, మోసుకెళ్లడం తప్ప దానికి ఏ తెలివీ ఉండకూడదు. పాత విండోస్ హ్యాండ్‌హెల్డ్ స్కానర్లు చవగ్గా వస్తున్నాయని కొనకండి, 6.5 వెర్షన్‌కి మైక్రోసాఫ్ట్ 2020లోనే సపోర్ట్ ఆపేసింది. అన్నిటికన్నా ముందు మీ పెద్దాయన పక్కన ఒకరిని కూర్చోబెట్టండి, రేపట్నుంచే.

గోడౌన్‌మనిషి:

పెద్దాయనతో ఈరోజే కూర్చున్నా. పిక్ లిస్ట్‌ని ర్యాక్ వరుసలో ప్రింట్ చేయాలంటే ఎన్ని నెలలు పడుతుందండీ అని అడిగితే నవ్వారు. ఐటమ్ మాస్టర్‌లో (సరుకులన్నిటి వివరాలుండే టేబుల్) ఆరు అక్షరాల లొకేషన్ ఫీల్డ్ మొదటి నుంచీ ఉందట, ప్రింట్ ప్రోగ్రాం ఆ వరుసలోనే తీసేలా రాశారట, కానీ గోడౌన్ నుంచి ఎవరూ దాన్ని నింపలేదు. అన్నీ ఖాళీగా ఉండటంతో ఐటమ్ కోడ్ వరుసలో వస్తోంది. డబ్ల్యూఎంఎస్ కొటేషన్లు పక్కన పెట్టి సోమవారం నుంచి లేబుళ్లు అంటిస్తున్నాం. నడకలెక్క గారూ, అరలకి నంబర్లు కింది నుంచి పైకి వేయాలా, పై నుంచి కిందికా?

నడకలెక్క:

కింది నుంచి పైకే. రేపు పైన ఇంకో అర వేస్తే మళ్లీ అన్నీ మార్చక్కర్లేదు.