లిల్లీ ఆకులు పసుపెక్కి ఊడిపోతున్నాయి, యూరియా తక్కువైందా?

ధర్మవరం రైతు: ఎర్రనేల, 15 సెంట్లు, సింగిల్ లిల్లీ (ఒంటి వరస రేకుల నేలసంపెంగ), నాలుగు నెలల తోట. పోయినేడు ఇదే చేన్లో శనక్కాయ. వారంగా ముసురు. కింది ఆకులు పసుపెక్కి నేలకు వాలుతున్నాయి, పట్టుకుంటే చేతికొస్తున్నాయి. యూరియా చల్లినా మార్పు లేదు. పల్లంలో ఉన్న రెండు సాళ్ళలో మాత్రం లేత ఆకులు పాలిపోయాయి.

ఆదోని పూలతోట: యూరియా ఆపన్నా. నత్రజని చాలకపోతే ముదురాకు కొన నుంచి మెల్లగా పసుపెక్కుతుంది, లాగినా ఊడదు. ఊడుతోందంటే మొదలు కుళ్ళినట్టే. మట్టి రెండంగుళాలు పక్కకు తీసి చూడు. తెల్లని దారాల్లాంటి బూజు, ఆవగింజలంత గోధుమరంగు గుళ్ళు ఉంటే అది స్క్లీరోషియం అనే నేల బూజు. శనక్కాయకు మొదలుకుళ్ళు తెచ్చేదీ అదే, ఆ గుళ్ళు నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. నీ పాత పంటే అనుమానానికి కారణం.

బూజు లేకుండా గడ్డ జిగటగా మెత్తబడి కంపు కొడితే బాక్టీరియా కుళ్ళు. దానికి మందుల ఖర్చు దండగ, పీకి చేను బయట పారేయడమే.

బూజు ఉంటే చెడిన మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి కాల్చు. పక్క మొక్కల మొదళ్ళు బాగా తడిసేలా లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే బూజు మందు కలిపి పోయి. రాలిన ఆకులు మొదట్లో ఉంచొద్దు, బూజు ముందు వాటి మీదే పెరుగుతుంది.

ధర్మవరం రైతు: గుళ్ళు కనిపించాయన్నా. కార్బెండజిమ్ ఇంట్లో ఉంది, అది పోయొచ్చా? ట్రైకోడెర్మా కూడా కలిపేదా?

ఆదోని పూలతోట: కార్బెండజిమ్ ఈ బూజు మీద అంతగా పనిచేయదు. ట్రైకోడెర్మా కూడా బూజే, కాకపోతే కుళ్ళు బూజును అణిచే మేలు బూజు, మందుతో కలిపితే అదీ చస్తుంది. హెక్సాకొనజోల్ పోశాక 15 రోజులు ఆగి ట్రైకోడెర్మా వెయ్యి. ఈలోగా 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో తడి గోనెలు కప్పి వారం పది రోజులుంచు. అది ఎకరాకు సరిపోతుంది, నీకు ఆరో వంతు చాలు.

కడప నర్సరీ: పల్లం సాళ్ళది వేరే గొడవలా ఉంది. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమే పాలిపోతే ఇనుము లోపం. సున్నం నేల, నీరు నిలవడం రెండూ ఇనుమును వేరుకు అందనివ్వవు. ముందు కాలువ తీసి నీళ్ళు బయటికి పంపండి. తర్వాత లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం పది రోజులకు ఇంకోసారి. అప్పటికప్పుడు కలుపుకోండి, నిలవుంచితే తుప్పు రంగుకు తిరిగి పనికిరాదు.

ఇంకోటి, కుళ్ళు వచ్చిన సాళ్ళ గడ్డలు పైకి బాగున్నా విత్తనానికి తీయొద్దు.