పదిన్నర నెలలు దాటినా పాప దోగాడటం లేదు, కూర్చునే జరుగుతోంది. మీ పిల్లల్లో ఎవరైనా ఇలా చేశారా?

కునుకులేని అమ్మ:

అందరికీ నమస్తే. ఇక్కడ ఎన్నాళ్ళుగానో చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. పాప భుజం మీద పడుకుంది, ఒంటిచేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా పాపకి నిన్నటికి పది నెలల ఇరవై రోజులు. 33 వారాలకే పుట్టింది, అంటే ఏడు వారాలు ముందు. పద్దెనిమిది రోజులు పసికందుల ఇంటెన్సివ్ కేర్, అదే ఎన్‌ఐసీయూలో ఉంది. ఇప్పుడు బరువుకి లోటు లేదు, ఎత్తుకుంటే నా నడుమే చెప్తుంది.

సంగతేమిటంటే ఇది దోగాడదు. పొట్ట మీద పాకదు కూడా. బోర్లా వేస్తే ఓ అర నిమిషం తలెత్తి అటూ ఇటూ చూస్తుంది, ఆ తర్వాత ముక్కు దుప్పటికేసి రుద్దుకుంటూ రాగం మొదలు. అదే కూర్చోబెట్టామా, ఇక ఇల్లంతా దానిదే. ఒక కాలు మడిచి కిందకి తోసుకుని, రెండోది ముందుకి చాపి, మడమ నేలకి ఆనించి ఒళ్ళంతా ముందుకి లాక్కుంటుంది. పక్కన చెయ్యి తెడ్డు వేసినట్టు వేస్తుంది. గచ్చు మీద డైపరు జర్రుమనే చప్పుడు వినబడితే చాలు, వెనక్కి తిరక్కుండానే ఎక్కడుందో చెప్పగలను. నిన్న పౌడరు డబ్బా మూత దొర్లుకుంటూ మంచం కిందకి పోతే, గది ఆ మూల నుంచి వచ్చి తల వంచి మరీ తీసుకుంది.

నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంటున్నా. పలకరిస్తే నవ్వింది మూడు నెలల ఆరు రోజులకి. మెడ నిలిపింది ఐదో నెల నిండుతుండగా. బోర్లాపడింది ఆరున్నరకి. ఆసరా లేకుండా కూర్చుంది ఎనిమిదిన్నరకి. 'బబ్బబ్బ' తొమ్మిదికి. తర్వాతి పేజీలో 'దోగాడటం' అని రాసి పక్కన గీత గీశాను. ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.

మా ఆడపడుచు కొడుకు దీనికన్నా పన్నెండు రోజులు చిన్న. వాడు ఏడో నెలలోనే దోగాడాడు, ఇప్పుడు కుర్చీ పట్టుకుని నిలబడుతున్నాడు. ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో వస్తుంది. నేను ఓ హార్టు పెట్టేసి ఫోను బోర్లా పెడతాను. ఫోనే బోర్లాపడుతోంది మా ఇంట్లో, ఏం చేస్తాం.

అమ్మేమో వాకర్ కొనమంటోంది. అత్తగారు 'వాళ్ళ నాన్నా ఇంతేలే' అని కొట్టిపారేస్తారు. మా ఆయన అసలు నోరే విప్పరు. డాక్టరు గారిని మళ్ళీ కలవాల్సింది ఏడాది నిండాక. అప్పటిదాకా ఆగొచ్చా? నాదంతా ఉత్త కంగారేనా?

—

ఇద్దరు మగపిల్లల తల్లి:

చెల్లీ, నువ్వు రాసిన ఆ జరగడానికి మన భాషలో మాటే ఉంది కదా, దేకడం. పాకడం వేరు, దోగాడటం వేరు, దేకడం వేరు. విడిగా ఒక మాట పుట్టిందంటే అలా చేసే పిల్లలు ఎప్పట్నుంచో ఉన్నారనేగా.

మా రెండోవాడు అచ్చం ఇంతే. బోర్లా వేస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. చంకల కింద చేతులేసి నిలబెట్టబోతే రెండు కాళ్ళూ పైకి మడిచేసి, గాల్లోనే కుర్చీ ఉన్నట్టు కూర్చునేవాడు. పాదం నేలకి ఆనిస్తే నిప్పు తొక్కినట్టు లాక్కునేవాడు. వాడు దోగాడనే లేదు, ఇప్పటికీ! దేకి దేకి ఒకరోజు మంచంకోడు పట్టుకుని లేచాడు. పంతొమ్మిదో నెలలో నడిచాడు. అలాగని నేను చేతులు కట్టుకుని కూర్చున్నానని అనుకోకు. పద్దెనిమిది నిండేసరికి నడవకపోతే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ తుంటి కీళ్ళు, కాళ్ళ బిగువు, వెన్ను అన్నీ చూసి, బాగానే ఉన్నాడు, ఓపిక పట్టండి అన్నారు. దేకే పిల్లలు నడక కొంచెం ఆలస్యంగా పడతారని కూడా ఆవిడే చెప్పారు. ఇది ఇంటి వరసలో వస్తుందట. మా మరిదీ అంతేనని తర్వాత తెలిసింది.

అందుకే అడుగుతున్నా. మీ అత్తగారు 'ఇంతేలే' అంటున్నారుగా, ఇంతే అంటే ఎంతో ఎప్పుడైనా అడిగావా? మనం కోడళ్ళం 'ఇంతే' అన్న చోటే వినడం ఆపేస్తాం. ఈసారి పూర్తిగా విను.

—

పిల్లల ఫిజియో:

అమ్మా, పసిపిల్లలకి ఫిజియోథెరపీ చేయడం నా పని. చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసినదాంట్లో నాకు ముందు కనబడింది లెక్కలో పొరపాటు.

ఏడు వారాలు ముందు పుట్టింది కాబట్టి పది నెలల ఇరవై రోజుల్లోంచి ఆ ఏడు వారాలు తీసెయ్యండి. మీ పాపకి ఇప్పుడు తొమ్మిది నెలలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి రెండేళ్ళు వచ్చేదాకా మేమందరం ఇలాగే లెక్కిస్తాం. మీ నోటుపుస్తకంలో ప్రతి తేదీ నుంచీ ఏడు వారాలు వెనక్కి జరిపి చూడండి. ఆ నవ్వు మూడు నెలలకి కాదు, ఏడు వారాలకి వచ్చింది. సరిగ్గా వేళకే వచ్చింది. ఆడపడుచు గారి బాబు నెలలు నిండి పుట్టినవాడైతే, పన్నెండు రోజుల చిన్న అన్న లెక్కే చెల్లదు. అభివృద్ధిలో వాడే నెల పైచిలుకు పెద్ద.

ఇక దోగాడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. అందులో మన దేశమూ ఉంది. చేతులూ మోకాళ్ళ మీద దోగాడటం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది. నూటికి నలుగురు పిల్లలు అసలు ఆ మెట్టే ఎక్కకుండా నడకలోకి వెళ్ళిపోయారు. నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య. ఎంత వెడల్పుందో చూడండి! అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, ఏ వయసుకి పిల్లలు ఏం చేయాలో చెప్పే తన పట్టికలు 2022లో సవరించినప్పుడు దోగాడటాన్ని పూర్తిగా తీసేసింది. నాకైతే అంతగా నచ్చలేదు. దోగాడితే భుజాలకీ చేతులకీ మంచిదే. కానీ దోగాడనంత మాత్రాన జబ్బు కాదన్నది నిజం.

నేను నెలలకన్నా వేరేవి చూస్తాను. దేకేటప్పుడు ఎప్పుడూ ఒకే చెయ్యి వేస్తుందా? బొమ్మని కుడి పక్క పెడితే కుడిచేత్తో, ఎడమ పక్క పెడితే ఎడమచేత్తో అందుకుంటుందా, లేక ఒక చెయ్యే అటు దాకా సాగుతుందా? పిడికిళ్ళు రెండూ విప్పే ఉంటున్నాయా? కూర్చుని పక్కకి ఒరిగితే ఆ పక్క చెయ్యి చటుక్కున నేలకి ఆనుతుందా? రెండు పక్కలా? డైపరు మార్చేటప్పుడు కాళ్ళు కత్తెరలా బిగుసుకుంటున్నాయా, లేదా మరీ గుడ్డబొమ్మలా వేలాడుతున్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన పని ఏదైనా మానేసిందా? ఏ వయసులోనైనా వచ్చింది పోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంకొకటి. మీరు కాళ్ళ గురించి పేజీలు నింపారు, చెవుల గురించి ఒక్క ముక్క రాయలేదు. వెనక నుంచి మెల్లగా పేరు పిలిస్తే తిరుగుతుందా? మీరు కంటికి కనబడకుండా పిలవాలి. ఎన్‌ఐసీయూలో అన్ని రోజులున్న పిల్లలకి మొదటి వినికిడి పరీక్ష బాగానే వచ్చినా మళ్ళీ ఓసారి చేయించమంటారు. డిశ్చార్జి కాగితం తీసి చూడండి.

వాకర్ వద్దు. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీంచి దొర్లిన పిల్లలు ఎందరో. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఆ డబ్బుతో మీరో రోజు హాయిగా నిద్రపోయే ఏర్పాటు చూసుకోండి.

బోర్లా పడుకోవడం ఇష్టం లేకపోతే నేల మీదే వెయ్యక్కర్లేదు. మీరు వెల్లకిలా పడుకుని మీ ఛాతీ మీద వేసుకోండి, లేదా కాళ్ళు చాపి తొడ మీద అడ్డంగా వేసుకుని అవతల బొమ్మ పెట్టండి. రెండేసి నిమిషాలు, రోజుకి ఐదారు సార్లు. ఏడిస్తే ఎత్తుకోండి, పంతం పట్టకండి.

—

చిన్నూ నాన్న:

పై ఇద్దరూ చెప్పింది బాగుంది. నేను భయపెట్టడానికి రాయడం లేదు కానీ, ఆ చేతుల సంగతి మాత్రం దాటెయ్యకండి.

మావాడు ఐదో నెలలో గిలక్కాయని ఎడమచేత్తో భలే పట్టేవాడు. కుడివైపు పెట్టినా ఎడమ చెయ్యే ఒళ్ళు దాటి వచ్చేది. మాకు ముచ్చట. 'ఎడమచేతి వాటం గాడు' అని మురిసిపోయాం, ఆ పేరుతోనే పిలిచాం. కుడి పిడికిలి మూసే ఉండేది, స్నానం చేయించేటప్పుడు వేళ్ళు విప్పి లోపల తుడవాల్సి వచ్చేది. చెమటకి ఒకలాంటి వాసన వచ్చేది ఆ అరచేతిలో. రోజూ విప్పి తుడిచాను గానీ ఎందుకు మూసుకుని ఉందని ఒక్కసారీ అనుకోలేదు.

పదకొండో నెలలో వేరే పనికి వెళ్తే డాక్టరు గారు చేతికి స్పూను ఇచ్చి చూసి, 'ఏడాది లోపు పిల్లలకి చేతివాటం ఉండదండీ' అన్నారు. ఎంఆర్ఐ తీశారు. పుట్టిన రోజుల్లోనే మెదడులో ఒక పక్క స్ట్రోక్ వచ్చిందన్నారు. పసిపిల్లలకి స్ట్రోక్ వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎడమచేతికి మెత్తటి మేజోడు తొడిగి, కుడిచేత్తోనే ఆడించడం మొదలుపెట్టారు. మొదటి వారం వాడూ ఏడ్చాడు, వాళ్ళమ్మా ఏడ్చింది. ఇప్పుడు ఆరేళ్ళు. పరిగెడతాడు, కొంచెం కుంటుతాడు, కుడిచేత్తో కాగితం అదిమిపట్టి ఎడమచేత్తో బొమ్మలేస్తాడు. ఇంకో ఆరు నెలలు ముందు మొదలుపెట్టి ఉంటే అన్న మాట ఇంట్లో ఎవరం పైకి అనం.

ఆగమనేవాళ్ళు ప్రేమతోనే అంటారు మేడమ్. మీకు మనసులో ఏదో గుచ్చుతుంటే మాత్రం అపాయింట్‌మెంటు ముందుకు జరపండి. ఏమీ లేదని తేలితే ఓ పూట పోతుంది, అంతే.

—

కునుకులేని అమ్మ:

ఆలస్యంగా జవాబిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తొమ్మిది రోజులైంది, చాలా జరిగాయి.

ముందు చేతులు. చిన్నూ నాన్న గారూ, మీది చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి పౌడరు డబ్బా మూత కుడి పక్క పెట్టాను, కుడిచెయ్యి. ఎడమ పక్క పెట్టాను, ఎడమచెయ్యి. ఇరవై సార్లు చేసి ఉంటాను, చివరికి విసుగొచ్చి మూత నా మీదకే విసిరేసింది. మా ఆయన వీడియో తీశారు. దేకేటప్పుడు కూడా చూశాం, ఎటు మలుపు తిరగాలో దాన్ని బట్టి చెయ్యి మారుస్తోంది. మడిచే కాలు మాత్రం ఎప్పుడూ ఎడమదే.

అక్కా, అత్తగారిని అడిగాను. ఫోన్లో నలభై నిమిషాలు చెప్పారు. మా ఆయన దేకి దేకి ప్రతి నిక్కరూ వెనక చిరిగిపోయేదట, ఆవిడ వాటికి రెండో గుడ్డ వేసి కుట్టేవారట. ఇరవై నెలలు నిండాక నడిచారట. చుట్టుపక్కలవాళ్ళు అనే మాటలు పడలేక కొన్నాళ్ళు ఆవిడ ఎవరింటికీ వెళ్ళడం మానేశారట. 'అందుకే నీ దగ్గర ఆ మాట పెద్దది చెయ్యలేదమ్మా' అన్నారు. నేను కొట్టిపారేస్తున్నారనుకున్నాను. ఈ పెద్దమనిషి మాత్రం ఇంత చరిత్ర పెట్టుకుని పదకొండు నెలలుగా పేపరు చదువుకుంటున్నారు!

ఏడాది దాకా ఆగలేదు, మొన్న డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. కాళ్ళు, తుంటి, వెన్ను చూశారు. ముందుకి వంచి దింపితే రెండు చేతులూ ఒకేసారి చాపింది. నిలబెట్టబోతే అక్క చెప్పినట్టే గాల్లో కుర్చీ. ఆయన నవ్వి 'దేకే పార్టీ' అన్నారు. సవరించిన వయసు (ఆ ఏడు వారాలు తీసేసిన లెక్క) ప్రకారం ఏడాది నిండినప్పుడు మళ్ళీ చూస్తానన్నారు. ఛాతీ మీద బోర్లా వేసుకోవడం నడుస్తోంది. రెండు నిమిషాల్లో నా గొలుసు నోట్లో ఉంటుంది, కానీ ఏడవట్లేదు.

ఇక ఫిజియో గారూ, మీరు అడిగిన కాగితం. బీరువాలో టీకాల కార్డు వెనక దొరికింది. రెండో పేజీ కింద 'వినికిడి పరీక్ష మళ్ళీ, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య' అని ఉంది. దాని మీద నా చేతిరాతతోనే టిక్కు పెట్టి ఉంది, గుర్తు పెట్టుకోవాలని. పూర్తిగా మరిచిపోయాను. ఆ తేదీలన్నీ రాసుకుంటూ ఇదొక్కటి వదిలేశాను.

వెనక నుంచి పిలిస్తే తిరుగుతోంది. నాలుగుసార్లకి మూడుసార్లు. నాలుగోసారి వినబడకో, పట్టించుకోకో తెలియడం లేదు. వాళ్ళ నాన్న పోలికైతే రెండోదే. గురువారం బెరా పరీక్ష, అంటే శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే వినికిడి పరీక్ష. నిద్రలో చేస్తారట కాబట్టి ఆ పొద్దున పడుకోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. దీన్ని నిద్ర మేల్కొలిపి ఉంచడం నాకు పెద్ద పని కాదు, అందులో పదిన్నర నెలల అనుభవం ఉంది.

గురువారం రాత్రి ఇక్కడే రాస్తాను.