కంటి ఇన్ఫెక్షన్: ఫొటోల ఆధారంగా చేసిన నిర్ధారణను ఎంతవరకు నమ్మవచ్చు?

మా అమ్మగారి కుడి కన్ను సోమవారం నుంచి ఎర్రబడి నీరు కారుతోంది. పుసి లేదు కానీ, వెలుతురును అస్సలు భరించలేకపోతున్నారు. ఫొటోలు చూసిన వైద్యుడు వైరల్ కండ్లకలకగా భావించి స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు రాశారు. మందు వేసినా నొప్పి పెరిగి చూపు మసకబారింది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కింది రెప్పను లాగి మళ్లీ తీసిన ఫొటోలు పంపినా అదే సమాధానం వచ్చింది. కార్నియాపై (కనుగుడ్డు ముందుండే పారదర్శక పొరపై) ఏర్పడే చిన్న పుండ్లు ఫొటోలో కనిపించకపోవచ్చని, ఫ్లోరెసిన్ రంగు వేసి, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌తో పరీక్షిస్తేనే స్పష్టంగా బయటపడతాయని, అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పుండైతే స్టెరాయిడ్ వల్ల మరింత ముదరవచ్చని చదివినప్పటి నుంచి చాలా ఆందోళనగా ఉంది. నేత్రవైద్యం తెలిసినవారు దయచేసి చెప్పండి: ఈ లక్షణాలున్నప్పుడు ఫొటోల ఆధారంగా చేసిన నిర్ధారణను నమ్మి రేపటి వరకు ఆగవచ్చా, లేక ఈ రాత్రే అత్యవసర విభాగంలో నేరుగా పరీక్ష చేయించాలా?