సమస్యాపూరణం: ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

నిర్వాహకులు:
మిత్రులారా, ఈ వారం అంశం ప్రోగ్రామర్ల పనిముట్లు. ఇచ్చిన పాదం ఆటవెలదిలో నాలుగోది:

ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

ఏనుగును ఊరికే ఎంచుకోలేదు. రాసిన కోడ్‌ను నడిచే యాప్‌గా కట్టిపెట్టే, అంటే బిల్డ్ చేసే గ్రేడిల్ గుర్తు ఏనుగు, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ గుర్తు ఏనుగు, వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీదీ ఏనుగే. భారీ డేటాను చాలా కంప్యూటర్లకు పంచి నడిపే హడూప్‌కైతే దాన్ని తయారుచేసిన డగ్ కటింగ్ తన కొడుకు ఆడుకునే ఏనుగు బొమ్మ పేరే పెట్టారు. ఇక ఎలుక మన చేతి కిందే ఉంది. పాదం అచ్చుతో మొదలవుతుంది కాబట్టి మూడో పాదం దగ్గర వాక్యం ముగిసేలా చూసుకోండి.

మాదాపూర్ మిత్రుడు:

బిల్డు కొట్టి చూడఁ బెరుగదు గీతయే
టీలు రెండు తాగి టిఫిను ముగిసె
గుర్తు గజము గల్గు గొప్ప సాధన మది
ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

మా ఆఫీసులో రోజూ జరిగేది ఇదేనండీ. ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ మొత్తం బిల్డ్ అవుతుంది. ఇచ్చినవేమో 8 జీబీ మెమరీ ల్యాప్‌టాప్‌లు.

నిర్వాహకులు:
బి-బె, టీ-టి యతులు రెండూ చక్కగా కుదిరాయి. రెండో పాదంలో మాత్రం కర్త మారింది. తాగినది మీరు, ముగిసినది టిఫిను. "టీలు రెండు తాగె టిఫినుఁ దినియె" అంటే సరిపోతుంది. మూడో పాదం ఏనుగును పరిచయం చేస్తోందే తప్ప మీ బాధను ముందుకు నడపడం లేదు.

విజయవాడ సభ్యురాలు:

చవితి పూజ వేళ శంకరసుతుఁ డింకఁ
గుడుము లారగించి కూరుచుండె
వాహనంబు గాన వాకిట నిలిచెను
ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

నిర్వాహకులు:
ధార బాగుందమ్మా. చ-శ యతి, వాకిట్లో నిలబడ్డ వాహనం, రెండూ హాయిగా ఉన్నాయి. కానీ గజముఖుణ్ణి నేరుగా ఏనుగు అనడం నాకు మింగుడుపడలేదు. పైగా అంశం పనిముట్లు కదా. దీన్ని చవితి సంచికకు దాచుకోండి.

డాలస్ సభ్యుడు:

క్యాషుఁ జెరిపి మరలఁ గట్టఁగ నింతలోఁ
జూపె నెఱుపు, చోటుఁ జూపలేదు
రాత్రి రెండు దాఁటె, రాదు నిద్దుర కంట
ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

విజయవాడ సభ్యురాలు:
అన్నయ్యా, క్యా-గ యతి చెల్లుతుందా?

నిర్వాహకులు:
చెల్లుతుంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేయవచ్చు. క, గ ఒకే వర్గం, అచ్చులూ కలిశాయి.

క్యాషు అంటే డబ్బు కాదు, పాత బిల్డ్‌ల నుంచి దాచి ఉంచిన ఫైళ్ళు. ఈ పద్యంలో రెండో పాదం దగ్గర నేను ఆగిపోయాను. ఆలస్యాన్ని మనిషి ఎలాగోలా ఓర్చుకుంటాడు. ఎంతసేపో తెలిస్తే ఈలోగా ఇంకో పని చూసుకుంటాడు. తప్పు జరిగిందని ఎర్రగా చూపించి, ఎక్కడ జరిగిందో చెప్పకపోతేనే టెన్షన్. తప్పు తన కోడ్‌లో ఉందో పనిముట్టులో ఉందో తెలియక, బాగున్న కోడ్‌నే మళ్ళీ మళ్ళీ చెరిపి రాస్తాడు. అదంతా "చోటుఁ జూపలేదు" అన్న రెండు మాటల్లో వచ్చేసింది. అయితే ఏనుగు ఎవరో పద్యంలో ఎక్కడా లేదు. అన్వయం కుదరాలంటే మూడో పాదం మార్చాలి.

మాదాపూర్ మిత్రుడు:
అక్షరాలా నిజమండీ. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే పనిముట్టు ఆండ్రాయిడ్ స్టూడియో ఉంది కదా, 2016లో దాని 2.0 వెర్షన్‌తో ఇన్‌స్టంట్ రన్ అనే సౌకర్యం వచ్చింది. మార్పులు వెంటనే ఫోన్‌లో కనిపించాలని దాని ఉద్దేశం. అందుకోసం బిల్డ్ సమయంలోనే యాప్ బైట్‌కోడ్‌ను, అంటే మనం రాసిన కోడ్ నుంచి తయారైన రూపాన్ని, తిరగరాసేది. దాంతో కొన్నిసార్లు యాప్ వింతగా ప్రవర్తించేది, కారణం అంతుపట్టేది కాదు. 2019లో 3.5 వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని తీసేసి అదే పనికి అప్లై చేంజెస్ పెట్టారు. ఆ వెర్షన్ కోసం ప్రాజెక్ట్ మార్బుల్ పేరుతో కొత్త హంగుల కన్నా బగ్గులు, మెమరీ, వేగం మీదే దృష్టి పెట్టారు. ప్రతి పనిముట్టుకూ అలాంటి ఏడాది ఒకటి కావాలి.

డాలస్ సభ్యుడు:
సవరించాను. ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రాజెక్టును గ్రేడిల్ ఫైళ్ళతో కలిపే సింక్ బటన్ మీద ఉండేది ఏనుగు బొమ్మే కదా, దాన్నే తెచ్చాను.

క్యాషుఁ జెరిపి మరలఁ గట్టఁగ నింతలోఁ
జూపె నెఱుపు, చోటుఁ జూపలేదు
గజపు బొమ్మ తెరను గదలదు రేయెల్ల
ఏనుఁగునకు నెలుక యెదురుచూచె

నిర్వాహకులు:
ఇప్పుడు అతికింది. రాత్రీ పోలేదు, ఏనుగూ వచ్చింది. ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. మాదాపూర్ మిత్రమా, మీ బిల్డ్‌కు ఒకసారి ప్రొఫైల్ రిపోర్ట్ తీయించండి. ఏ టాస్క్ ఎంతసేపు తింటోందో అందులో వరసగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ మార్చమని అడిగేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి. మూడో పాదం కొత్తగా రాసి రేపు మళ్ళీ పెట్టండి.